దెబ్బ తిన్న పాత లారీ: ముందు ఛాసిస్ చూడండి, క్యాబిన్ తర్వాత

లారీ ఎక్కడైనా గుద్దుకుంటే జనం చూసేది ముందు భాగాన్నే. అద్దం పగిలి, క్యాబిన్ లోపలికి నొక్కుకుపోయి, రేడియేటర్ నీళ్లన్నీ కారిపోయి ఉంటే "ఇంక ఈ బండి పని అయిపోయిందప్పా, తూకానికి ఏసెయ్" అంటారు. అదే బంపర్ వంగి ఒక లైటు పోయి ఉంటే "ఏం కాలేదులే, టింకరింగ్ చేయిస్తే సరిపోతుంది" అంటారు. ఈ రెండు మాటలూ నమ్మొద్దు. పాత బండిని బాగు చేయించాలా వదిలించుకోవాలా అనేది క్యాబిన్ చూసి తేల్చే విషయం కాదు. ముందు ఛాసిస్ (బండి మొత్తాన్ని మోసే కింది ఇనుప చట్రం), ముందు యాక్సిల్ (ముందు చక్రాల ఇరుసు) చూడాలి, అవి బాగున్నాయని తేలాకే కాగితం మీద లెక్క.

మాది 2012 మోడల్ టాటా 2518, పది టైర్ల బండి. ఎర్రగుంట్ల వైపు సిమెంట్ ఎత్తుకుని రాయచోటి, మదనపల్లె దాకా తిరుగుతుంది, నాపరాళ్ల బాడుగ దొరికితే అదీ వేస్తాం. ఈమధ్య మదనపల్లెలో లోడు దించి ఖాళీగా వస్తూ రాయచోటి, కడప మధ్య ఉన్న గువ్వలచెరువు ఘాట్ దిగుతుంటే మలుపులో ఎదురు లారీ సైడు వదిలేసి మీదికొచ్చింది. మా డ్రైవరన్న లోయ వైపు పోకుండా కొండ వైపుకు స్టీరింగ్ కోసేశాడు, ఎడమ మూల పోయి బండకు తగిలింది. అన్నకు మోకాలు వాచింది, అంతకుమించి ఏమీ కాలేదు. ఆ ఘాట్ సంగతి తెలిసినవాళ్లకు అన్న ఆ క్షణంలో ఎంత పని చేశాడో విడమర్చి చెప్పక్కర్లేదు. బండి ఏమైనా కానీ, మనిషి ఇంటికొచ్చాడు.

ఇక్కడే ఒక మాట. ఇన్సూరెన్స్ ఉంటే బండిని అక్కడి నుంచి కదిలించే ముందే ఫోన్ చేసి స్పాట్ సర్వే (కంపెనీ మనిషి అక్కడికే వచ్చి చూడటం) అడగండి, అన్ని వైపులా ఫోటోలు తీసుకోండి, ఛాసిస్ నంబర్ కనపడేటట్టు కూడా. ట్రాఫిక్ ఆగిపోయిందని అందరూ తొందర పెడతారు, ఆ టెన్షన్‌లోనే ఈ పని మర్చిపోతారు.

బండిని కడపకు లాక్కొచ్చాక మేస్త్రీ క్యాబిన్ వైపు చూడనే లేదు. సమంగా ఉన్న సిమెంట్ నేల మీద నిలబెట్టించి, గోడ కట్టేవాళ్లు వాడే గుండు దారం తీసుకుని కింద దూరాడు. ముందు కమాన్‌ను (స్ప్రింగ్ కట్టను) ఛాసిస్‌కు పట్టి ఉంచే హ్యాంగర్ పిన్ను దగ్గర దారం వదిలి, గుండు ఆగినచోట నేల మీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టాడు. అటు ముందు, ఇటు ముందు, వెనక కూడా రెండు పక్కలా అట్లే. బండిని కాస్త ముందుకు నెట్టించి ఆ నాలుగు గుర్తుల మధ్య టేపు పెట్టి కొలిచాడు, ఎడమ ముందు నుంచి కుడి వెనక్కి ఒకసారి, కుడి ముందు నుంచి ఎడమ వెనక్కి ఒకసారి. ఈ రెండు కొలతలూ సమానంగా ఉంటే ఛాసిస్ మూలకు లాగలేదని అర్థం. తేడా ఎక్కువుంటే ఛాసిస్‌కు రెండు పక్కలా ఉండే పొడవాటి పట్టీల్లో ఒకటి ముందుకో వెనక్కో జరిగినట్టు, అలాంటి బండి రోడ్డు మీద కొంచెం అడ్డంగా నడుస్తుంది, వెనకొచ్చేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. మా బండికి రెండు కొలతలూ దాదాపు ఒకటే వచ్చాయి. ఎడమ పక్క హ్యాంగర్‌కు ముందు ఉన్న ముక్కు మాత్రం వంగింది, దాని వెనక పట్టీలు బాగున్నాయి. అడ్డపట్టీల రివెట్లు కూడా ఒక్కోటి చూశాడు. రివెట్ చుట్టూ పెయింట్ రాలి ఇనుము కొత్తగా మెరుస్తుంటే అక్కడ జాయింట్ కదిలిందని లెక్క. మా దానికి ముందువైపు రెండు చోట్ల అట్లా కనపడింది, వాటిని కోసి కొత్తవి కొట్టాలన్నాడు.

తర్వాత చక్రం విప్పి స్టబ్ యాక్సిల్ (ముందు చక్రం తిరిగే పొట్టి ఇరుసు) బయటికి తీశాడు. డీజిల్‌తో బాగా కడిగి, కాసేపు ఉంచి, గుడ్డతో పొడిగా తుడిచి, దాని మీద చాక్‌పొడి పూశాడు. కొంచెం సేపటికి బేరింగ్ కూర్చునే మూల దగ్గర తెల్లటి పొడిలో వెంట్రుకంత సన్నటి తడి గీత తేలింది. పగులులో దూరిన డీజిల్ బయటికి వస్తే కనపడే గీత అది. పొడి పూయకముందు నేను టార్చ్ వేసి చూసినా ఆ పగులు కనపడలేదు. అది వెల్డింగ్ చేసి వాడే వస్తువు కాదు, లోడుతో పోతుంటే విరిగిందా, చక్రం ఊడి పక్కకు పోతుంది. అక్కడికక్కడే పక్కన పడేశాడు. స్టీరింగ్ నుంచి చక్రాలను తిప్పే కడ్డీలు, టై రాడ్, డ్రాగ్ లింక్ వంగాయి, అవీ కొత్తవే. యాక్సిల్ బీమ్ మాత్రం కొలతకు సరిగ్గా వచ్చింది.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, మా చిన్నాయన కొడుకు బండి విషయంలో ఈ వరస తిరగబడింది. ఆ బండికి ఛాసిస్ క్యాబిన్ వెనకాలే వంగింది. ఒక షెడ్డులో గ్యాస్‌తో ఎర్రగా కాల్చి, జాకీలు పెట్టి సరిచేసి, పైన కొత్త క్యాబిన్, కొత్త పెయింట్ వేసి ఇచ్చారు. చూడటానికి షోరూం బండిలా ఉండేది. కానీ ముందు టైర్లు ఒక పక్కే అరగడం మొదలైంది, ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా అంతే, ఆఖరికి కాల్చినచోటికి పక్కనే పట్టీకి పగులొచ్చింది. లారీ పట్టీలు గట్టి ఉక్కుతో చేస్తారు, ఎర్రగా కాలిస్తే ఆ గట్టితనం పోతుంది. ఆ బండిని బాగు చేయించకుండా అప్పుడే ఇచ్చేసి ఉంటే క్యాబిన్‌కు పెట్టిన డబ్బన్నా మిగిలేది. పట్టీ క్యాబిన్ వెనక వంగితే నా మాట ఒకటే, అమ్మేయండి. పట్టీ మొత్తం మార్చే స్తోమత, ఆ పని తెలిసిన మనిషి, రెండూ ఉంటే తప్ప దాని జోలికి పోవద్దు.

ఇక లెక్క. మా పాలసీలో బండి విలువ 6 లక్షలు రాసి ఉంది. అయిదేళ్లు దాటిన బండికి ఈ విలువను మనమూ కంపెనీ మాట్లాడుకుని రాసుకుంటాం, ప్రీమియం తగ్గుతుందని కొందరు మరీ తక్కువ రాయించుకుంటారు, దెబ్బ తగిలాక ఏడుస్తారు. రిపేరు ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ (బండి మొత్తం పోయినట్టు) కింద తీసుకుంటారు, అంటే మాకు నాలుగున్నర లక్షలు. పెద్ద వర్క్‌షాప్ వాళ్లు అన్నీ కొత్తవే రాసి 5 లక్షల పైన ఎస్టిమేట్ ఇచ్చారు, మా మేస్త్రీ 3 లక్షల చిల్లర అన్నాడు. వర్క్‌షాప్ రాసిందే ఖాయం కాదు, ఇన్సూరెన్స్ కంపెనీ పంపే సర్వేయర్ ఒప్పుకున్నదే లెక్క.

ఇక్కడ చాలామందికి తెలియనిది, పదేళ్లు దాటిన బండికి ఇనుప పార్టులకు సగం డబ్బే ఇస్తారు. రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీకి బండి కొత్తదైనా సగమే. అద్దానికి కోత లేదు, కూలీకి లేదు. లారీలకు ఇంకో మెలిక ఉంది: బంపర్, లైట్లు, మడ్‌గార్డులు, టైర్లు, పెయింట్ లాంటివి విడిగా దెబ్బతింటే రావు, ఐఎంటీ 23 అనే కవర్‌కు అదనంగా ప్రీమియం కట్టి ఉండాలి. రెన్యూవల్ రోజు పాలసీ కాగితంలో ఆ నంబర్ ఉందో లేదో వేలు పెట్టి చూసుకోండి. ఇవన్నీ తీసేస్తే మా చేతి నుంచి లక్షన్నర దాకా పడుతుంది. ఉత్త థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే ఇచ్చే ఇన్సూరెన్స్) ఉన్నవాళ్లయితే మొత్తం జేబులోంచే.

టోటల్ లాస్ అయితే చేతికి 6 లక్షల్లోపు వస్తుంది, ఇదే మోడల్ మంచి బండి బయట 7, 8 లక్షలు చెప్తున్నారు. అంటే ఎటు పోయినా మనం వేసుకోవాల్సింది ఇంచుమించు ఒకటే. తేడా ఎక్కడంటే, మా ఇంజన్‌కు బోరు పని చేయించింది మేమే, గేర్ బాక్స్ ఎప్పుడు విప్పామో, హౌసింగ్‌లో ఏ బేరింగ్ మార్చామో మాకు తెలుసు. కొనే బండి ఏ ఘాట్లో పడి లేచిందో ఎవరు చెప్తారు? సెకండ్ హ్యాండ్ మార్కెట్లో కొత్త పెయింట్‌తో మెరిసే బండిని చూస్తే నాకిప్పుడు ముందు ఆ చిన్నాయన కొడుకు బండే గుర్తొస్తుంది.

కొత్తది కొనమని నాన్న ఒకసారి అన్నాడు. బాడీతో కలిపి 35 లక్షల పైమాటే. 30 లక్షల అప్పు అయిదేళ్లకు తీసుకుంటే పదిన్నర శాతం వడ్డీ మీద కంతు నెలకు 64 వేలు దాటుతుంది. మాకున్న దగ్గరి బాడుగలకు అది మోయలేని బరువు. పైగా 2020 ఏప్రిల్ నుంచి వచ్చినవన్నీ పొగ నియమాలు గట్టిగా ఉన్న బీఎస్ 6 బండ్లు, పొగను శుభ్రం చేసే యాడ్‌బ్లూ ద్రవం పోయాలి, సెన్సార్ పోతే ల్యాప్‌టాప్ ఉన్నవాడు రావాలి. మా పాత కమిన్స్ ఇంజన్‌ను రోడ్డు పక్క షెడ్డులో కూడా విప్పగలరు. అయినా కొత్త బండి వైపు ఒక మంచి మాట చెప్పాలి. 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. కడప మే నెల ఎండలో ఇంజన్ పక్కన కూర్చుని ఘాట్ ఎక్కే మనిషికి అది సుఖం కోసం పెట్టింది కాదు, అవసరం. దూరం బాడుగలు ఖాయంగా ఉన్నవాళ్లు కొత్తదే చూసుకోండి, డ్రైవర్ కోసమన్నా.

మేం బాగు చేయించడానికే ఒప్పుకున్నాం. క్యాబిన్, డోర్లు స్క్రాప్ దుకాణంలో ఏరుకున్న పాతవి, రేడియేటర్ రిపేరు. స్టబ్ యాక్సిల్, టై రాడ్, డ్రాగ్ లింక్, బ్రేక్ పైపులు, కమాన్‌ను యాక్సిల్‌కు బిగించే యు బోల్టులు అన్నీ కొత్తవి, వీటిలో ఒక్కటి కూడా పాతది పెట్టొద్దని గట్టిగా చెప్పాను. ఒకసారి బిగించి విప్పిన యు బోల్ట్ సాగి ఉంటుంది, అదే మళ్లీ వేస్తే పట్టు నిలవదు. 2027లో ఈ బండికి 15 ఏళ్లు నిండుతాయి, బండి వయసు పెరిగేకొద్దీ ఫిట్‌నెస్ ఫీజూ పెరుగుతుంది, కాబట్టి ఇప్పుడు పెట్టే డబ్బు అంతలోపే తిరిగి రావాలని లెక్క వేసుకుని దిగాం, దానికి పైన పెయింట్ సోకులేవీ పెట్టుకోలేదు.

విప్పిన పాత పార్టులన్నీ షెడ్డులో ఒక మూల పెట్టించాను, సర్వేయర్ రెండోసారి వచ్చినప్పుడు అడుగుతారు, అంతదాకా ఒక్కటీ తూకానికి పోనివ్వకండి. మొదటి లోడు దించాక యు బోల్టులు మళ్లీ బిగించుకుని, అలైన్‌మెంట్ చూపించుకుని, అప్పుడు ఘాట్ ఎక్కిస్తాం. డ్రైవరన్న మోకాలు నయమయ్యేదాకా బండిని ఇంకెవరి చేతికీ ఇవ్వం.