మార్జిన్‌లో ఒక్క మాట: 'ఎందుకు?'

పోటీ పరీక్ష ఫైనల్ లిస్ట్‌లో నా హాల్ టికెట్ నంబర్ చూసుకుని నాలుగు రోజులైంది. హిస్టరీ ఎలా చదివావక్కా అని చాలామంది అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా.

మొదటిసారి నన్ను ముంచింది హిస్టరీనే. నాగర, ద్రావిడ, వేసర అనే ఆలయ శైలుల లక్షణాలు నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. తర్వాత ఒక ప్రాక్టీస్ టెస్ట్‌లో 'రాజులు భారీ ఆలయాలు ఎందుకు కట్టించారు?' అని వచ్చింది. భక్తి, కీర్తి అని రెండు లైన్లు రాసి, మిగతాదంతా శిఖరం, విమానం, మండపాలతో నింపేశా. దిద్దిన సార్ మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో 'ఎందుకు?' అని మాత్రం రాసి, పదిహేనుకి నాలుగు వేశారు. ఆ పేపర్ ఇంకా దాచుకున్నా.

ఆ ఆదివారమే హనుమకొండ బస్సెక్కా. వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిది. అంతకుముందు కాకతీయులు కళ్యాణి చాళుక్యుల సామంతులు. కాకతీయ రాజు రుద్రదేవుడు తన విజయాలు చెప్పుకుని, ఇక నేను ఎవరి కిందా లేనని లోకానికి చాటుకున్నది ఆ రాతి మీదే. పుస్తకంలో పదిసార్లు చదివిన సంగతే, అక్కడ నిలబడ్డాకే ఎక్కింది.

మర్నాడు పాలంపేట. రామప్ప గుడి కట్టించింది రాజు కాదు, గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు, 1213లో. దగ్గర్లోనే చెరువు, దాని కింద పొలాలు. గుడి, చెరువు, ఊరు కాకతీయులకు ఒకే పని. శైలికీ కారణం ఉంటుందని అక్కడే తెలిసింది: పైన బరువు తగ్గాలని శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు, పునాదిలో ఇసుక నింపారు. తంజావూరుదీ ఇలాగే చదివా. 1010 నాటికి పూర్తయిన చోళ రాజు రాజరాజు గుడి గోడల మీద నాలుగు వందల మంది నర్తకులకిచ్చిన ఇళ్ల వివరాలు, ఊళ్లకు పన్నెండున్నర శాతం వడ్డీకిచ్చిన అప్పుల లెక్కలు ఉన్నాయి. అంటే గుడి జనానికి పనీ, ఊళ్లకు అప్పూ ఇచ్చేది.

పాలిటీ, ఎకానమీ అందరిలాగే చదివా, కొత్తగా చెప్పేదేం లేదు.

పరీక్షల ముందు ఈ తిరుగుళ్లేంటని ఇంట్లో కోప్పడ్డారు. రెండు రోజులు పోయిన మాట నిజమే, కానీ నేను తిరిగింది సిలబస్‌లోనే. తిరిగొచ్చాక రోజూ నాలుగున్నరకి లేచి, ఫోన్ వేరే గదిలో పెట్టి, ఒక ఆన్సర్ రాశాకే టీ తాగేదాన్ని. మీరూ రాయండి, ఒక్క రోజు కూడా మానకండి. ఆలయాల ఆన్సర్‌లో వేయిస్తంభాల గుడి త్రికూటం (మూడు గర్భగుళ్లు) ప్లాన్ గీయండి: మధ్యలో మండపం, మూడు వైపులా శివుడు, విష్ణువు, సూర్యుడు. అర నిమిషం పడుతుంది.