పిల్లలు, సైకిల్, సరస్సు: నా మొదటి ట్రయాథ్లాన్

750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు, అన్నీ ఒకదాని వెంట ఒకటి. స్ప్రింట్ ట్రయాథ్లాన్ అంటే ఇదే. 2000లో ఒలింపిక్స్‌లోకి వచ్చిన ట్రయాథ్లాన్ దూరంలో సరిగ్గా సగం. సగమే కదా అని తీసిపారేయకండి. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు ఉన్న నాలాంటివాళ్లకు ఇంతకన్నా సరిపోయే దూరం లేదు. పాప ఈత క్లాసులో ఉన్నంతసేపూ పక్క లేన్‌లో నేనూ ఈదేదాన్ని. పిల్లలు నిద్రలేవకముందే పరుగు. ఆదివారం పొద్దున వాళ్లను మా ఆయన చూసుకుంటే, సైకిల్ దిగీ దిగగానే పరుగెత్తే బ్రిక్ ప్రాక్టీస్. నన్ను నిలబెట్టింది ఎక్కువగా ఆ ఆదివారాలే.

డిక్కీలో చక్రం విప్పిన సైకిల్, వెనక సీట్లో పిల్లలు. రేసు ముందు రోజు సాయంత్రానికి సరస్సు దగ్గరికి చేరాం. బిబ్ నంబరు (ఒంటిమీద తగిలించుకునే రేసు నంబరు), హెల్మెట్‌కీ సైకిల్‌కీ అతికించే స్టిక్కర్లు, టైమ్ లెక్కించేందుకు చీలమండకు కట్టుకునే చిప్ తీసుకున్నాక నలుగురం ట్రాన్సిషన్ ఏరియాను, అంటే ఈత నుంచి సైకిల్‌కు, సైకిల్ నుంచి పరుగుకు మారే చోటును, బయటి నుంచే చూసుకుంటూ నడిచాం. ఈత ముగించి ఎటు నుంచి వస్తానో, నా సైకిల్ ఎక్కడ ఉంటుందో చూసుకోవాలిగా. బాబు ర్యాకులు లెక్కపెట్టి, "చెట్టు దాటాక నాలుగోదమ్మా, మర్చిపోకు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కడుపులో ఒకటే టెన్షన్. స్విమ్మింగ్ పూల్‌లో అడుగున నల్లగీత కనిపిస్తుంది. ఇక్కడ ఆకుపచ్చ నీళ్లలో చాచిన నా చెయ్యే నాకు కనబడలేదు. చన్నీళ్లు ఒంటికి తగలగానే ఊపిరి ఎగదన్నుతుంది, అది శరీర ధర్మం. అందుకే మా బ్యాచ్ విజిల్‌కు ముందే నీళ్లలో దిగి, ముఖం ముంచి, గాలి నెమ్మదిగా వదులుతూ అలవాటు చేసుకున్నాను. అయినా మొదలుపెట్టాక చుట్టూ చేతులు, కాళ్లు, నురగ. అలసిపోతే కాపలా ఉండే కయాక్‌ను (చిన్న పడవను) పట్టుకుని ఆగవచ్చు, దాని సాయంతో ముందుకు కదలకూడదంతే. ఆ సంగతి తెలిసి ఉండటమే నాకు పెద్ద ధైర్యం. నేను కయాక్ దాకా పోలేదు. వెల్లకిలా తిరిగి, ఆకాశం చూస్తూ, గుండె కుదుటపడేదాకా ఊపిరి తీసుకున్నాను. అక్కడి నుంచి మొసలిలా కళ్లు మాత్రం నీటిపైకి ఎత్తి దారి చూపే నారింజ రంగు బోయాను (నీటిపై తేలే గుర్తును) చూసుకుంటూ ఈదాను.

ఒడ్డెక్కగానే చెట్టు, నాలుగో ర్యాక్. హెల్మెట్ పట్టీ క్లిప్ పడ్డాకే సైకిల్‌ను ర్యాక్ నుంచి తీయాలి. తడి వేళ్లు వణుకుతుంటే ఆ చిన్న క్లిప్ ఎంతకీ పడదు. టక్కుమన్న ఆ చప్పుడు వినగానే ప్రాణం లేచొచ్చింది.

సైకిల్ హాయిగా సాగింది. ముందువాళ్ల గాలిచాటున తొక్కడం మా రేసులో నిషేధం కాబట్టి ఎవరి దూరం వారిదే. చివర్లో గేరు తేలిక చేసి కాళ్లను పరుగుకు సిద్ధం చేసుకున్నాను.

దిగి పరుగెత్తబోతే తొడలు నావి కాదనిపించింది. ఆదివారాల పుణ్యమా అని ఈ బరువు కాసేపటికి తగ్గుతుందని తెలుసు, తగ్గింది కూడా. మలుపులో బాబు నీళ్ల సీసా చాచి నిలబడ్డాడు. బయటివాళ్ల సాయం తీసుకోకూడదన్నది నియమం. వాడి అరచేతికి నా అరచెయ్యి తగిలించి, ముందున్న టేబుల్ దగ్గర నీళ్లు తాగాను. ఫినిష్ లైన్ దాటాక మొదట చెప్పింది వాడికే, ఎందుకు తీసుకోలేదో. విని, బుద్ధిగా తలూపి, "అయితే ఇప్పుడు తాగు" అని సీసా ఇచ్చాడు. మొత్తం తాగేశాను.

మెడల్ పాప మెడలోకి వెళ్లిపోయింది. గేటు దగ్గర బిబ్ నంబరూ సైకిల్ నంబరూ సరిచూసి బయటికి వదిలారు. చక్రం విప్పుతూ మా ఆయన, "వచ్చేసారి నేను" అన్నారు. ఇకపై ఆదివారం పొద్దున్నలు ఆయనవి, పిల్లలు నా దగ్గర.