వల్లప్ప పాటతో ఒకటో తరగతి

అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపున్న ఒక ప్రాథమిక పాఠశాలలో నేను ఒకటి, రెండు తరగతులకు పాఠాలు చెబుతున్నాను. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ నేలలో, చేతులు చాచి గిరగిరా తిరుగుతూ పిల్లలు పాడే ‘వానా వానా వల్లప్పా’ను నేను ఆటపాటగా మాత్రమే చూడలేను. శెనక్కాయ విత్తనాలు సిద్ధం చేసుకొని మబ్బు కోసం ఎదురుచూసే ఇళ్ళ నుంచి వచ్చిన ఈ పిల్లలకు వాన విలువను పుస్తకం కొత్తగా చెప్పవలసిన పని లేదు. అందుకే భాష, గణితం, పరిసరాల విజ్ఞానం మూడింటినీ ఈ పాట నుంచే మొదలుపెట్టాలని అనుకున్నాను.

మొదటి ఏడాది తొందరపడ్డాను. పాట నేర్పిన రోజే అందులో ‘వ’ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టించి, పలకల మీద దిద్దించాను; రెండు రోజులు గడిచేసరికి పిల్లలు విరామ సమయంలో ఆ పాట పాడడం మానేశారు. అది నన్ను చాలా బాధపెట్టింది. మరుసటి ఏడాది వారం రోజులు వాళ్ళను ఊరికే పాడుకోనిచ్చి, వాళ్ళ నోటి నుంచే ప్రశ్న వచ్చేదాకా ఆగాను.

మొదటి ప్రశ్న కొంగ గురించి వచ్చింది. పాటలో కొండ మీది గుండు జారి కొక్కిరాయి కాలు విరుగుతుంది కదా, “కొక్కిరాయి అంటే ఏంది మేడం?” అని ఒక అబ్బాయి అడిగాడు. చెరువు గట్టుకు వెళ్ళి కొంగల ముక్కు, కాళ్ళు, నిలబడే తీరు చూసి వచ్చాం. 2022 దాకా మన జిల్లాలోనే ఉండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళిన వీరాపురానికి ఏటేటా కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయని, ఊరివాళ్ళే వాటిని కాపాడుతారని చెప్పినప్పుడు పిల్లలు కదలకుండా విన్నారు. విరిగిన ఆ కాలికి మందుగా పాట చెప్పే వేపాకు, వెల్లుల్లిని తెచ్చి వాసన చూపించాను. నిజంగా ఎముక విరిగితే మాత్రం ఆసుపత్రికే వెళ్ళాలని కూడా స్పష్టంగా చెప్పాను.

ఆ మందును నూటొక్కసార్లు నూరాలన్న మాట దగ్గర గణితం తానే వచ్చింది. పదిమంది పిల్లలు వరుసగా నిలబడి తలా పదిసార్లు రోలు నూరినట్టు అభినయించారు. వంద పూర్తయ్యాక పదకొండో అమ్మాయి వచ్చి ఒక్కసారి నూరింది. 101లో నడిమి సున్న ఎందుకుందో పది పుల్లల కట్టలతో ఎన్నో రోజులు చెప్పినా అర్థం కాని పిల్లలకు, ఆ అమ్మాయి ఒంటరిగా వచ్చి నిలబడడంతో అర్థమైంది.

కొలతల పాఠం ఒక వాన మరునాడు దొరికింది. “మా నాయన జానెడు పదునైతేనే ఇత్తనమేస్తాడు మేడం” అని ఒక పాప చెప్పింది. వెంటనే అందరం పెరట్లో గుంత తవ్వి, తడి ఎంత లోతుకు దిగిందో బెత్తెలతో, జానలతో కొలిచాం. పాప జానకు, నా జానకు తేడా ఎందుకు వచ్చిందన్న చర్చే స్కేలు అవసరాన్ని వాళ్ళకు తెలియజేసింది. తరువాత వాన కొలవడానికి పైనా కిందా ఒకే వెడల్పున్న గాజుగ్లాసును ఆరుబయట పెట్టి, లోపలి నీటిని స్కేలుతో కొలిచి క్యాలెండరులో రాయించాను. మెడ సన్నగా ఉండే సీసా పెడితే నీటి ఎత్తు వాన ఎత్తుకు సరిపోదు కనుక, ఈ పని చేయదలచిన ఉపాధ్యాయులు పాత్ర ఎంపికలో జాగ్రత్త పడాలి.

మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం 2022లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఆటలు, పాటలు, కథల ద్వారానే బోధన సాగాలని చెబుతోంది. అయితే పాటలోకి మన పాఠాన్ని దూర్చడం వేరు, పాట అడిగించిన ప్రశ్న వెంట పాఠం నడవడం వేరు అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

భాషా పాఠాన్ని మాత్రం ఆఖరున పెట్టుకున్నాను. ఇంట్లో అవ్వలు ఈ పాటను ఎలా పాడుతారో విని రమ్మంటే, ‘నూటొక్క’ తరువాత ఒకరు ‘సారి’ అని, మరొకరు అదే అర్థంలో ‘తూరి’ అని పాడారు. రెండు మాటలనూ బోర్డు మీద పక్కపక్కన రాశాను. ఇంతవరకు నోరు విప్పి చదవని ఒక పాప లేచి వెళ్ళి, ‘తూరి’ కింద వేలు పెట్టి, రెండక్షరాలూ గట్టిగా చదివింది.