యుద్ధం టైంలో ప్రశ్న అడిగితే

మా ఫ్యామిలీ గ్రూపులో "మన వైపు నష్టమెంతో ప్రభుత్వం చెప్పాలి కదా" అని ఒక్క మెసేజ్ పెట్టాను, అంతే, బాబాయి "ఇది ప్రశ్నలడిగే టైమా? ముందు సైన్యం వెనక నిలబడు" అని అందుకున్నాడు, ఆ వెనకే వరసగా జెండాలు, దండాలు, మా కజిన్ అయితే ఏకంగా గ్రూపులోంచే వెళ్లిపోయాడు (సాయంత్రానికి మళ్లీ చేరాడనుకోండి).

సైన్యాన్ని ఎవరేమన్నారు? నేనడిగింది నిర్ణయాలు తీసుకున్నవాళ్లని. 1962లో చైనాతో యుద్ధం నడుస్తుండగానే, వాజ్‌పేయి లాంటి ప్రతిపక్ష సభ్యులు పట్టుబడితే నెహ్రూ నవంబరు 8న పార్లమెంటు పెట్టారు. సభలో ప్రభుత్వాన్ని కడిగేశారు. రక్షణమంత్రి కృష్ణమీనన్ పదవి అప్పటికే పోయింది, అదీ సొంత పార్టీవాళ్ల ఒత్తిడితోనే. వాళ్లంతా దేశద్రోహులా?

అలాగని అప్పుడంతా బాగుందనీ కాదు. ఆ ఓటమిపై 1963లో వచ్చిన హెండర్సన్ బ్రూక్స్ రిపోర్టును ఆ తర్వాత ఏ పార్టీ ప్రభుత్వమూ అధికారికంగా బయటపెట్టలేదు. కార్గిల్ కాస్త నయం, యుద్ధం ముగిసిన మూడు రోజులకే కమిటీ వేశారు, కొన్ని భాగాలు తీసేసినా 2000లో రిపోర్టు పార్లమెంటు ముందుకొచ్చింది.

సేనలు ఎటు కదులుతున్నాయో మాకు చెప్పక్కర్లేదు. ఎంతమంది పోయారు, ముందే హెచ్చరిక వచ్చిందా, వస్తే ఎవరి టేబుల్ మీద ఆగింది, ఇవి చెప్పండి చాలు. అడిగితే జవాన్ల మనోబలం దెబ్బతింటుందంటారు, మరి 1962లో నూలు యూనిఫాం, కాన్వాస్ బూట్లతో వాళ్లని హిమాలయాల మంచులోకి పంపినప్పుడు దెబ్బతినలేదా?