కాల్షియంని ఒక్క లైగాండ్‌తో నిలబెట్టడం

శరీరంలో కరిగిపోయే ప్లాస్టిక్ అయిన పాలీలాక్టిక్ యాసిడ్ తయారీలో, కేటలిస్ట్‌గా (చర్యని వేగవంతం చేసే పదార్థంగా) ఇప్పటికీ పెద్దపీట టిన్ ఆక్టోయేట్‌దే. చవకగా దొరుకుతుంది, 180 డిగ్రీల దగ్గర కరిగిన లాక్టైడ్‌లోనూ (ఒకదానికొకటి అతుక్కుని పాలిమర్ గొలుసుగా మారే రింగు అణువు) చక్కగా పనిచేస్తుంది. కానీ ఆ పాలిమర్‌ని శరీరం లోపల కుట్లు వేసే దారంగా వాడాలంటే, అందులో చిక్కుకుపోయిన టిన్ గురించి ఆలోచించక తప్పదు. నేను కాల్షియం వైపు వచ్చింది అందుకే. మన ఎముకల్లో ఉన్న లోహమే కాబట్టి, కాస్త మిగిలిపోయినా భయం ఉండదు.

పని జరిగే తీరు సులువుగానే అర్థమవుతుంది. లాక్టైడ్ తన కార్బొనిల్ ఆక్సిజన్‌తో కాల్షియంని పట్టుకుంటుంది. పక్కనే కాల్షియంకి అంటుకుని ఉన్న ఆల్కాక్సైడ్ (రుణావేశపు ఆక్సిజన్ ఉన్న గుంపు) ఆ కార్బొనిల్ కార్బన్ మీద దాడి చేస్తుంది, రింగు తెరుచుకుంటుంది, దాని చివర కొత్త ఆల్కాక్సైడ్ అవుతుంది. మళ్ళీ ఇంకో లాక్టైడ్. ఒకే రకం లైగాండ్‌తో (లోహాన్ని పట్టి ఉంచే అణువు) జింక్, మెగ్నీషియం, కాల్షియం మూడింటినీ పోల్చి చూసినప్పుడు వేగంలో కాల్షియమే ముందున్న సందర్భాలు ఉన్నాయి. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో మాల్కమ్ చిజమ్ బృందం ట్రిస్‌పైరజోలైల్‌బోరేట్ లైగాండ్‌తో చేసిన కాల్షియం కాంప్లెక్స్, టీహెచ్‌ఎఫ్ అనే ద్రావకంలో మామూలు గది ఉష్ణోగ్రత దగ్గరే రేసిమిక్ లాక్టైడ్‌ని (ఎడమ, కుడి రూపాలు సగం సగం ఉన్నది) నిమిషాల్లో పాలిమర్‌గా మార్చింది. అదీ చాలావరకు హెటిరోటాక్టిక్‌గా, అంటే ఎడమ, కుడి రూపాల లాక్టైడ్ ఒకదాని తర్వాత ఒకటి చేరేలా. అది చదివినప్పుడు నాకు కలిగిన ఉత్సాహం ఇప్పటికీ తగ్గలేదు.

అసలు చిక్కు వేగంలో లేదు, నిలకడలో ఉంది. కాల్షియం అయాన్ పెద్దది, సుమారు 1 ఆంగ్‌స్ట్రామ్ వ్యాసార్థం. మెగ్నీషియం 0.72 మాత్రమే. అంత పెద్ద అయాన్ చుట్టూ ఖాళీ మిగులుతుంది, పైగా బంధాలు అయానిక్ కాబట్టి లైగాండ్లు తేలిగ్గా చోటు మారతాయి. ఒక లైగాండ్, ఒక ఆల్కాక్సైడ్ ఉన్న అణువులు రెండు కలిసి, రెండు లైగాండ్లున్నది ఒకటి, రెండు ఆల్కాక్సైడ్లున్నది ఒకటిగా విడిపోతాయి. దీన్నే ష్లెంక్ సమతౌల్యం అంటారు. అలా జరిగిపోయాక మనం డిజైన్ చేసిన కేటలిస్ట్ ఫ్లాస్కులో ఉండదు. పాలిమర్ వస్తూనే ఉంటుంది, ఏది దాన్ని తయారుచేస్తోందో మాత్రం చెప్పలేం.

అందుకే ఈ రంగంలో కొత్త పేపర్ చేతికొస్తే నేను ముందు కన్వర్షన్ టేబుల్ (ఎంత లాక్టైడ్ పాలిమర్‌గా మారిందో చెప్పేది) చూడను. క్రిస్టల్ స్ట్రక్చర్ ఎంత అందంగా ఉన్నా దానితో సరిపెట్టుకోను. ద్రావణంలో, గంటలు గడిచాక, వేడి చేశాక కూడా కేటలిస్ట్ చెక్కుచెదరలేదని చూపే ఎన్ఎంఆర్ (అణువు నిర్మాణం చెప్పే పరీక్ష) ఉందా అని వెతుకుతాను. ఆ తర్వాత డిస్పర్సిటీ, అంటే గొలుసుల పొడవుల్లో తేడా ఎంతో చెప్పే అంకె. అది 1.1 దగ్గర ఉంటే గొలుసులన్నీ దాదాపు ఒకే తీరున పెరిగాయన్నమాట. 2 దాకా పోయిందంటే ట్రాన్స్ఎస్టరిఫికేషన్ మొదలై గొలుసులు తెగి అతుక్కుంటున్నాయేమో అని అనుమానించాలి.

లైగాండ్లు ఇలా చోటు మారకుండా ఆపడానికి, లైగాండ్‌కి భారీ అణు గుంపులు తగిలించడం ఒక దారి. కాల్షియం దగ్గరకు ఇంకో లైగాండ్ రాకుండా అవి అడ్డం నిలుస్తాయి. మరీ భారీ అయితే లాక్టైడ్‌కే చోటు దొరకదు. నాకు నచ్చినది ఇంకొకటి: లైగాండ్‌కే పక్క చేతుల్లా ఈథర్ లేదా అమైన్ గుంపులు తగిలించడం. అవి కాల్షియంని చుట్టుకుని ఖాళీ నింపుతాయి, లాక్టైడ్ వస్తే తప్పుకోగలవు. ఇప్పుడు నా పనంతా ఆ చేతుల పొడవు మీదే నడుస్తోంది.