చేయి వేయడానికి ముందు

స్పా థెరపిస్టు శిక్షణలో చేరిన మొదటి రోజున మా ట్రైనర్ మేడమ్ మా పదకొండు మంది చేతులనూ వరుసగా చూసి, నా దగ్గర ఆగి, గాజులు తీసెయ్యమన్నారు. గాజు అంచుగానీ ఉంగరం రాయిగానీ పడుకున్న మనిషి చర్మాన్ని గీరవచ్చు, వాటి సందుల్లో నూనె, మురికి చేరతాయి అని ఆమె చెప్పిన కారణం న్యాయమైనదే. అయినా గాజువాకలో మా ఇంట అది పెద్ద మాటే అయింది. ముత్తైదువ వట్టి చేతులతో పరాయివాళ్ళ ఒళ్ళు పట్టడమేమిటని మా అత్తగారు రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఆరు నెలల పాటు ఎంవీపీ కాలనీలోని క్లాసుకు చేరగానే గాజులు ఒక చిన్న స్టీలు డబ్బాలో పెట్టడం, తిరిగి బస్సెక్కే ముందు వేసుకోవడం నా దినచర్యలో భాగమయ్యాయి.

నిజానికి ఈ పని మా ఇళ్ళకు కొత్తది కాదు. భీమిలి దగ్గర మా అమ్మమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని, పసిబిడ్డను కాళ్ళమీద పడుకోబెట్టుకుని నువ్వుల నూనెతో ఒళ్ళంతా మర్దన చేసి, నలుగుపెట్టి నీళ్ళు పోసేది. బాలింతల నడుముకు కూడా ఆమె చేతినే కోరుకునేవారు. 2019లో థాయ్‌లాండ్ సంప్రదాయ మర్దన 'నువాద్ థాయ్'ని యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చిందని క్లాసులో విన్నప్పుడు నాకు అమ్మమ్మ చేతులే గుర్తుకొచ్చాయి. ఆ విద్యకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు.

చేతులకు పని చెబుతారని ఎదురుచూసిన మాకు మొదటి రెండు వారాలూ ప్రశ్నలు అడగడమే నేర్పారు. కన్సల్టేషన్ ఫారం అంటే సంతకం పెట్టించుకునే కాగితమని నేను అనుకున్నాను. అది అసలు పనిలో సగమని అర్థం కావడానికి ఆ రెండు వారాలూ పట్టాయి. జ్వరం ఉందా, ఈమధ్య ఆపరేషన్ జరిగిందా, బీపీ అదుపులో ఉందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, గర్భవతా, ఏ గింజల నూనె అయినా పడదా అని ఒక్కొక్కటిగా, వాళ్ళు తొందరపడినా మనం తొందరపడకుండా అడగాలి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. నొప్పి కదా అని ఆ పిక్కను పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. దూర ప్రయాణం చేసి, గంటల తరబడి కాళ్ళు కదపకుండా కూర్చుని, నేరుగా బీచ్ రోడ్డు హోటళ్ళలో దిగి 'కాళ్ళు గట్టిగా నొక్కండి' అనేవారిని తలచుకుంటే ఈ ఒక్క పాఠం చాలు, ఫారం ఎందుకో తెలియడానికి.

స్ట్రోకులు, అంటే మర్దనలో చేతుల కదలికలు, ఆ తర్వాత నేర్పారు. స్వీడిష్ మసాజ్‌లో నిమిరే ఎఫ్లూరాజ్, పిసికే పెట్రిసాజ్, తట్టే టపోట్‌మాఁ అన్నీ ఫ్రెంచి పేర్లే. వాటిని క్రమబద్ధం చేసినది డచ్ వైద్యుడు యోహాన్ గెయోర్గ్ మెజ్గర్ (1838–1909) అని చెబుతారు. కాళ్ళమీద, చేతులమీద బలమైన ఒత్తిడి ఎప్పుడూ గుండె వైపుకే సాగాలి, ఎందుకంటే సిరల్లోని కవాటాలు రక్తాన్ని ఆ దిశగానే పోనిస్తాయి. మోకాలి వెనక గుంటలో నరాలు, రక్తనాళాలు పైపైనే ఉంటాయి కాబట్టి అక్కడ నొక్కకూడదు, మూత్రపిండాలు ఉండే చోట తట్టకూడదు. సుగంధ తైలాల లెక్క కూడా నేర్చుకున్నాం: 30 మిల్లీలీటర్ల నూనెలో 2 శాతం కలపాలంటే సుమారు 12 చుక్కలు, అంతకు మించితే వాసన బాగుంటుందేమో గానీ చర్మం మండవచ్చు.

నాకు అన్నిటికంటే కష్టమైనది నిలబడడం. మంచం పక్కన చేతులు వేలాడదీసి నిలుచుంటే వేళ్ళ కణుపులు పరుపును తాకేంత ఎత్తు ఉండాలి. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి వేసి, నడుము వంచకుండా, ఒంటి బరువును భుజం మీదుగా అరచేతిలోకి దింపాలి. నేను మొదట్లో అంతా బొటనవేళ్ళతోనే నొక్కేసి, నాలుగో వారానికి చపాతీ పిండి కలపలేని స్థితికి వచ్చాను. "చూడమ్మా, ఆ వేళ్ళు నీకు ఇరవై ఏళ్ళు కావాలి" అని మేడమ్ నా మణికట్టు పట్టుకుని మోచేతితో పని చేయడం మళ్ళీ మొదటి నుంచి నేర్పారు.

స్పా అన్న మాట వినగానే జనం మొహాలు మారతాయన్నది మాకు తెలియని సంగతి కాదు. అందుకే దుప్పటి కప్పే పద్ధతిని మాచేత నలభై సార్లు చేయించారు: పని జరుగుతున్న భాగం మాత్రమే తెరిచి, మిగిలినదంతా కప్పి ఉంచాలి, హద్దు దాటిన మాట వినపడితే అక్కడికక్కడే ఆపి బయటికి వచ్చే హక్కు థెరపిస్టుకు ఉంటుంది. శిక్షణ పూర్తికాకముందే నాకు ఒకచోట ఉద్యోగం ఇస్తామన్నారు. అక్కడ ఫారం అన్నదే లేదని, దుప్పట్లు 'అడిగితేనే' ఇస్తారని తెలిసి నేను వెళ్ళలేదు. జీతం మంచిదే. నా నిర్ణయంపై నాకు ఇప్పటికీ ఏ సందేహమూ లేదు.

పరీక్షకు వారం ముందు మా అత్తగారే ఒక రాత్రి, "కాళ్ళు లాగుతున్నాయి, కాస్త పట్టు" అన్నారు. ఆమెకు పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది. నేను గాజులు తీసి, చేతులు కడుక్కుని వచ్చి, అరికాళ్ళలో తిమ్మిరి ఉంటోందా, చెప్పు కరిచినట్లు ఎక్కడైనా అనిపించిందా అని అడిగితే, "కాళ్ళు పట్టడానికి ఇన్ని ప్రశ్నలా?" అని విసుక్కున్నారు. షుగర్ ఉన్నవాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గవచ్చు, దెబ్బ తగిలినా తెలియకపోవచ్చు అని చెప్పి ఫోన్ లైటు వేసి చూశాను. చిటికెనవేలి సందులో పుండు ఒకటి పచ్చిగా ఉంది. ఆమెకు దాని సంగతే తెలియదు. ఆ రాత్రి నేను నూనె సీసా తెరవలేదు. పుండును శుభ్రం చేసి గుడ్డ చుట్టి, మరునాడు క్లాసు మానేసి ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. బయలుదేరే ముందు ఆమే లోపలికి వెళ్ళి నా స్టీలు డబ్బా తెచ్చి, "వేసుకో, దారిలో ఎవరైనా చూస్తారు" అని నా చేతికిచ్చారు.