ఎరువు గోతిలో పచ్చ పురుగు

రావులపాలెంలో రెండు గంటలు పడిగాపులు. అమలాపురం వైపు వెళ్లే బస్సు వచ్చిందే గానీ కాలు పెట్టడానికి చోటు లేదు. చివరికి ఆటో ఎక్కితే వానని చెప్పి రెండింతలు గుంజాడు. డబ్బు పోతే పోయింది, నమూనాల కోసం ఒళ్లో పెట్టుకున్న డబ్బాలో ఐసు కరిగిపోతోందనే నా టెన్షన్. అంబాజీపేటలో వేడివేడి పొట్టిక్కలు తిన్నాక గానీ మనసు కుదుటపడలేదు. ఆ పనసాకు వాసన మా అనంతపురంలో ఎక్కడ దొరుకుతుంది!

నేను తిరిగేది పురుగులకు జబ్బు చేసే శిలీంధ్రాల కోసం. కోనసీమ కొబ్బరికి తెల్లదోమ పట్టినప్పటి నుంచి దాని మీద చల్లే ఇసారియా అనే శిలీంధ్రం పేరు ఇక్కడి రైతులకు కొత్త కాదు. నాకు కావలసింది మనిషి చల్లింది కాదు, తనంతట తాను పుట్టింది. రోజున్నర మట్టల కింద తల పైకెత్తి వెతికితే మెడ పట్టేసింది తప్ప ఏమీ దొరకలేదు.

తోటలో పెంట ఎత్తుతున్న మామ్మగారు నన్ను చూసి, "ఏం వెతుకుతున్నావమ్మా?" అని అడిగారు. చెప్పాను. "పచ్చ పిండి పట్టిన పురుగులా? పైన ఎందుకుంటాయమ్మా, ఈ గోతిలో ఉంటాయి గానీ" అని గునపంతో ఒక పెళ్ల తిరగేశారు.

కొమ్ము పురుగు పిల్ల. బతికుంటే మెత్తగా, తెల్లగా ముడుచుకుని ఉండేది. ఇది సుద్దముక్కలా గట్టిపడింది. కాళ్ల సందుల్లో ఇంకా తెల్లటి బూజు, వీపంతా ముదురు పచ్చ పొడి. వేలు తగిలితే ఆ పొడి అంటుకుంది. అదంతా శిలీంధ్రం బీజాలే. పురుగు దీన్ని తినక్కర్లేదు. బీజం ఒంటికి అంటుకుని మొలకెత్తి, చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. పురుగు చచ్చాక, తేమ ఉంటే, మళ్లీ బయటికి వచ్చి పచ్చబడుతుంది. మా ఊళ్లో ఆ తేమే కరువు. మా నాన్న వేరుశనగ గొంగళికి మందు కొట్టి వచ్చి రాత్రంతా వాంతులు చేసుకోవడం చిన్నప్పుడు చూశాను. ఈ చదువులోకి వచ్చింది అందుకే.

"దీని పేరేంటమ్మా?" అన్నారు మామ్మగారు. మెటారైజియం అన్నాను. అది ఇంటిపేరు లాంటిది, అసలు పేరు చూపుతో చెప్పలేం. ఒకే జాతి అనుకున్న మెటారైజియం అనైసోప్లియేని 2009లో డీఎన్ఏ పోల్చి తొమ్మిది జాతులుగా విడదీశారు. మైక్రోస్కోపు కింద చాలావాటి బీజాలు దాదాపు ఒకేలా ఉన్నా, జన్యువుల్లో తేడా దొరికింది. ఇది పాతదో కొత్తదో తేలాలంటే ముందు విడిగా పెంచాలి, తర్వాత జన్యువులు చదవాలి.

ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మకి వేరే బూజులు పట్టేస్తాయని ఒక్కొక్క దాన్నీ కాగితం పొట్లంలో చుట్టాను. మొత్తం ఏడు దొరికాయి. ఎనిమిదో దాని కోసం వంగబోతే మామ్మగారు చెయ్యి పట్టుకుని ఆపారు. "అది ఇక్కడే ఉండనీ అమ్మా, మిగిలిన పురుగులకి అంటాలి కదా."

తిరుగు బస్సులో డబ్బా డిక్కీలో పెట్టమన్నారు. రాజమండ్రి దాకా ఒళ్లోనే పెట్టుకున్నాను.